పద్నాలుగో నంబరు గది

ఆరేళ్లు పరిశోధన చేసి గేదెల చంద్రకళ కనిపెట్టిన సంగతి ఒక్కటే. తేడా ఏమీ లేదని.

నవ్వకండి. ఆ ఒక్క ముక్క తేల్చడానికి ఆమె పడ్డ పాట్లు పగవాళ్లకు కూడా వద్దు. యూనివర్సిటీ ఉన్నది సముద్రపొడ్డున. ఆ ఉప్పుగాలికి కిటికీ చువ్వల దగ్గర్నుంచి వైస్ ఛాన్సలర్ గారి కారు తలుపుల దాకా అన్నీ తుప్పే. రొయ్యల పెంకులు ఉడకబెట్టి తీసిన జిగురు ఇనప ఊచలకు పూస్తే తుప్పు ఆగుతుందేమో చూడమని మెటీరియల్ సైన్స్ శాఖ వాళ్లు ఆమెకు పని అప్పగించారు. చంద్రకళ చూసింది. నాలుగేళ్లు గంపలకొద్దీ పెంకులు ఉడకబెట్టింది. ఆ రోజుల్లో ఆమె బస్సెక్కితే పక్క సీటు తనంతట తానే ఖాళీ అయ్యేది. ఆ తర్వాత డాబా మీద వంద ఊచలకు పూత పూసి, ఇంకో వంద పూత లేకుండా పక్కనే నిలబెట్టి, రెండు వానాకాలాలు కాపలా కాసింది. పూత లేని ఆ వందనీ పోలిక ఊచలు అంటారు. పూసినందువల్ల ఏం ఒరిగిందో తెలియాలంటే పూయనిది పక్కన ఉండి తీరాలి. ఆ శాఖలో ఇది ఓనమాలతో సమానం. చివరికి తూకం వేసి చూస్తే పూసినవీ, పూయనివీ సమానంగా తుప్పు పట్టి ఉన్నాయి.

ఇంకొకరైతే తూకంలో వేలు పెట్టేవారే. చంద్రకళ పెట్టలేదు. లేదని తేలింది, లేదనే రాసింది. ఆమె గైడు గారు ఆ సిద్ధాంత గ్రంథం మీద సంతకం పెట్టి, "లేదని తెలియడం కూడా జ్ఞానమేనమ్మా" అని ఆశీర్వదించి, ఎందుకైనా మంచిదని దీర్ఘకాలిక సెలవు మీద వెళ్లిపోయారు.

పక్క జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీ వాళ్లు ఆమెకు లెక్చరర్ ఉద్యోగం ఇస్తామన్నారు. సెప్టెంబరు ముప్పైలోగా డాక్టరేటు పట్టా చూపించాలి. చిత్రంగా యూనివర్సిటీలో ఆమెకున్న ఆరేళ్ల గడువు కూడా ఆ రోజుతోనే సరి. ఆ రోజు దాటితే ఉద్యోగమూ లేదు, పట్టా లేదు, రొయ్యల వాసన మాత్రం మిగులుతుంది.

సరిగ్గా అప్పుడు, జూన్ నెలలో, సర్క్యులర్ వచ్చింది.

దాని వెనక ఒక అవమానం ఉంది. అంతకు ముందు ఏడాది యూనివర్సిటీలకు గ్రేడులిచ్చే కమిటీ ఒకటి వచ్చింది. దాని అధ్యక్షురాలు, పొట్టి జుట్టు పెద్దావిడ, పరిశోధనల జాబితా పక్కన పెట్టి, "ఇన్ని కనిపెట్టారు కదా, వీటిలో ఒక్కటైనా మీరు వాడుతున్నారా?" అని అడిగింది. ఇదేం ప్రశ్న! ఎవరైనా వాడుకోవడానికి కనిపెడతారా? వైస్ ఛాన్సలర్ ఆచార్య విరూపాక్షరావు గారికి ఆ మాట ముల్లులా దిగింది. ఏడాదంతా ఆలోచించి 'స్వీయ ఫలిత అమలు పథకం' ప్రకటించారు. ఇకమీదట ఈ యూనివర్సిటీలో ఎవరు ఏది కనిపెట్టినా ముందు ఇక్కడే అమలు చేయాలి. ముప్పై రోజులు అమలు కాని ఫలితానికి పట్టా ఇవ్వబడదు.

మొదట బిజినెస్ మేనేజ్‌మెంట్ వాళ్ల వంతు. మీటింగులు నిలబడి జరిపితే మూడో వంతు సమయం ఆదా అవుతుందని వాళ్లు పదకొండు మంది విద్యార్థుల మీద ప్రయోగం చేసి కనిపెట్టారు. మర్నాటికల్లా క్యాంపస్‌లో కుర్చీ అన్నది లేకుండా లారీల్లో ఎక్కించి స్టేడియం కింద గోదాములో పడేశారు. చివరి కుర్చీని వీసీ గారే స్వయంగా లారీలోకి అందించారు. ఫొటో కోసం. యూనివర్సిటీ ఫొటోగ్రాఫరు పాపారావు "సార్, కొంచెం వెనక్కి" అంటే వెనక్కి, "కొంచెం ఎడమకి" అంటే ఎడమకి జరుగుతూ ఆయన కనకాంబరాల మడిలో మోకాలి దాకా దిగిపోయారు. అయినా చిరునవ్వు చెదరలేదు. కెమెరా ముందు ఆయన కాళ్లు పాపారావు చెప్పినట్టే వింటాయని క్యాంపస్‌లో అందరికీ తెలుసు.

మెటీరియల్ సైన్స్ ల్యాబు అటెండరు అప్పలకొండ రెండు కుర్చీలు మోసుకుపోతున్న వాళ్లను గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఏటమ్మా కళమ్మా, కుర్సీలన్నీ అట్టుకెల్పోతన్నారు? కూకుంటే తప్పేటి?"

"నిలబడితే పని తొందరగా అవుతుందట బాబాయ్."

"ముప్పయ్యేళ్ల బట్టి నాను నిలబడే ఉన్నాను. నన్నెవులూ కనిపెట్టలేదు," అన్నాడు అప్పలకొండ.

రెండు వారాలకు వైద్య కళాశాల వాళ్లు రంగంలోకి దిగారు. ఏకబిగిన ఇరవై నిమిషాలు నిలబడితే పిక్కల్లో రక్తం దిగిపోతుందనీ, పది నిమిషాలు వెల్లకిలా పడుకుని కాళ్లు గుండెకన్నా ఎత్తులో పెట్టుకోవాలనీ కనిపెట్టారు. కుర్చీలు తెప్పిస్తే పోయేదానికి, ఒక ఫలితాన్ని ఇంకో ఫలితం కొట్టేయకూడదని నిబంధన ఉంది కనుక రెండూ అమలు చేశారు. ఇరవై నిమిషాలకోసారి గంట మోగేది. గంట మోగగానే ప్రొఫెసర్లు, గుమాస్తాలు, ఫీజు కట్టడానికొచ్చిన పిల్లల నాన్నలు అందరూ వరండాల్లో పడుకుని గోడలకు కాళ్లు ఎత్తేవారు.

ఆ పడుకోవడం కూడా కుదురుగా సాగలేదు. చంద్రకళ శాఖలోనే ఇంకొకాయన దుమ్ము అంటని నేల పూత కనిపెట్టాడు. నిజం చెప్పాలి, దాని మీద దుమ్ము నిలవలేదు. మనుషులూ నిలవలేదు. గోడకు కాళ్లు తన్నిపెట్టి పడుకున్నవాళ్లు మెల్లగా జారుకుంటూ వరండా అవతలి కొసకు చేరేవారు. చరిత్ర శాఖ ఆచార్యులొకరు సంస్కృత శాఖలో తేలారు.

ఇంతలో బయోటెక్నాలజీ వాళ్లు చెరువు నాచులో మాంసకృత్తులు మూడింతలు ఉన్నాయని కనిపెట్టారు. క్యాంటీనులో ఇడ్లీ పచ్చబడింది. సాంబారు ముందే ఆ రంగులో ఉండేది కనుక దాని జోలికి పోలేదు. నాలుగు రోజులు తిన్నాక అందరి నాలుకలూ పచ్చబడ్డాయి. నాలుక రంగు మారినవారికి వారం రోజులు సెలవివ్వాలని వైద్య కళాశాల వారి ఇంకో ఫలితం. సెలవిచ్చిన ప్రతి ఉద్యోగికీ 'మీరు లేక మేము లేము' అని ఉత్తరం రాస్తే పని మీద ప్రేమ పెరుగుతుందని మేనేజ్‌మెంట్ వారి ఇంకో ఫలితం. చివరికి ఉత్తరాలు రాసే గుమాస్తా నాలుక కూడా పచ్చబడితే, తనకు తానే ఉత్తరం రాసుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని ఇంటికి వెళ్లాడు.

ఈ సంబరంలో చంద్రకళ గోడు ఎవరికి పట్టింది? ఆమె ఫలితం తేడా లేదని. లేనిదాన్ని అమలు చేసేదెలా?

అదే అడగడానికి రిజిస్ట్రారు భుజంగరావు గారి గదికి వెళ్లింది. ఆయన తొమ్మిదేళ్లుగా ఆ పదవిలో ఉన్న మనిషి. వీసీలు మూడేళ్లకోసారి వచ్చి పోతుంటే, వచ్చినవారికి దండ వేసి, పోయేవారికి శాలువా కప్పి అలసిపోయారు. ఆమె వెళ్లేసరికి గంట మోగింది. ఆయన నేల మీద పడుకుని బీరువాకు కాళ్లు ఎత్తారు.

"చెప్పమ్మా," అన్నారు పైకప్పును చూస్తూ. "తత్సంబంధముగా నీ సమస్య ఏమి?"

"సార్, మిగతా ఫలితాలన్నీ అమలు చేస్తున్నారు. వాటివల్ల మేలు జరిగిందని కమిటీకి చూపించాలంటే పోలిక ఉండాలి కదా. పూత పూయని ఊచలాగ ఏ ఫలితమూ అమలు చేయని చోటు ఒకటి ఉండాలి. మా ల్యాబు, పద్నాలుగో నంబరు గది, వదిలేయండి. అక్కడ తేడా లేకపోవడాన్ని నేను అమలు చేసుకుంటాను."

"ఆ గదిలో కుర్చీలుంటాయా?"

"పాతవి రెండు వెనక్కి తెచ్చుకుంటాం సార్."

భుజంగరావు గారు ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. తర్వాత పడుకునే చెయ్యి చాచి కాగితం మీద సంతకం పెట్టారు. పెట్టి, మెల్లగా తలుపు వైపు జారిపోయారు.

ఆ రోజు నుంచి క్యాంపస్ మొత్తం మీద మనుషులు మనుషుల్లా కూర్చునే చోటు పద్నాలుగో నంబరు గది ఒక్కటే. మామూలు గచ్చు, రెండు కుర్చీలు, అప్పలకొండ స్టవ్ మీద అల్లం టీ. చంద్రకళ ప్రతి సాయంత్రం రిజిస్టరులో 'ఈ రోజు ఏమీ జరగలేదు' అని రాసి తేదీ వేసేది. అయినా లోపల బెంగే. ఒక్క గదిలో అమలైతే క్యాంపస్‌లో అమలైనట్టు కాదని పరీక్షల విభాగం వాళ్లు ముందే తేల్చేశారు.

ఆగస్టు నెలాఖరున కమిటీ మళ్లీ వచ్చింది. అదే పెద్దావిడ. గేటు దగ్గర వీసీ గారు దండతో ఎదురెళ్లారు. ఆవిడ నాచు ఇడ్లీ ఒక ముక్క రుచి చూసింది. గంట మోగినప్పుడు చుట్టూ ఉన్న రెండు వందల మంది ఒక్కసారి నేలకొరిగేసరికి గుండె పట్టుకుంది. ఆ తర్వాత వరండాలో అడుగు పెట్టింది. పెట్టిన అడుగు ఆగలేదు. వీసీ గారు "మేడమ్, మేడమ్" అంటూ ఉండగానే ఆవిడ పది గదులు దాటి, పద్నాలుగో నంబరు గది గడప తగిలి ఆగింది.

"పడిపోకండమ్మా. లోపలికి రండి. ఇక్కడ నేల మంచిదే," అంటూ అప్పలకొండ చెయ్యి అందించాడు.

ఆవిడ కుర్చీలో కూర్చుంది. కూర్చుని 'అమ్మయ్య' అంది. టీ తాగింది. రెండో గ్లాసు కూడా తాగి, చుట్టూ చూసి అడిగింది.

"ఇక్కడ ఏం ఫలితం అమలవుతోందమ్మా?"

"తేడా ఏమీ లేదన్న ఫలితం మేడమ్," అంది చంద్రకళ. ఆరేళ్ల కథ, రొయ్యల పెంకులు, ఊచలు, అంతా చెప్పింది. దాచింది ఏమీ లేదు, దాచడానికి ఏమీ లేదు కూడా.

పెద్దావిడ వెళ్లేముందు అభిప్రాయాల పుస్తకంలో ఒక్క వాక్యం రాసింది. 'పద్నాలుగో నంబరు గదిలో జరుగుతున్నదే క్యాంపస్ అంతటా జరిగితే మంచిది.'

వీసీ గారు ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివారు. మొదటిసారి మొహం మాడింది. రెండోసారి కనుబొమలు లేచాయి. మూడోసారి చదివేటప్పటికి ఆయనకు ఒక తేదీ గుర్తొచ్చింది. సెప్టెంబరు పదిహేనుతో ఆయన పదవీకాలం పూర్తి. అంతే, మొహం దీపావళి మతాబాలా వెలిగింది. ఆ సాయంత్రమే కొత్త సర్క్యులర్ వచ్చింది.

'ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది. మన విదుషీమణి కుమారి గేదెల చంద్రకళ గారి మహత్తర ఫలితము అనుసరించి, రేపటినుండి క్యాంపస్‌నందు ఏ విషయములోనూ, ఎవరి విషయములోనూ, ఏ మార్పూ అనుమతించబడదు.'

కుర్చీలు తిరిగొచ్చాయి. నేల పూత గీకేశారు. ఇడ్లీ తెల్లబడింది. అవన్నీ మార్పులు కావా అని తర్కశాస్త్రం ఆచార్యులు ఒకాయన అడగబోతే, కుర్చీలో కూర్చున్న పదిమంది కలిసి ఆయన నోరు మూయించారు. వీసీ గారు చంద్రకళకు శాలువా కప్పారు. పాపారావు ఫొటో తీశాడు. కనబడ్డ ప్రతివాడూ ఆమెకు నమస్కారం పెట్టాడు. ముప్పై రోజుల్లో పట్టా చేతికొస్తుందని చంద్రకళకు కాళ్లు నేల మీద ఆనలేదు. పూత గీకేశాక కూడా.

సెప్టెంబరు పదిహేను వచ్చింది, పోయింది. పదహారున వీసీ గారు ఎప్పటిలాగే ఆఫీసుకొచ్చి కూర్చున్నారు. వీడ్కోలు కోసం కొన్న శాలువా చేతబట్టుకుని భుజంగరావు గారు గుమ్మంలో నిలబడితే, "అదేమిటి రిజిస్ట్రారు గారూ, వీసీ మారడం కూడా మార్పే కదా. పరిశోధన ఫలితాన్ని మనమే ధిక్కరిస్తామా?" అన్నారు. నిబంధన ప్రకారం కొత్త వీసీ వచ్చేదాకా ఆ కుర్చీ భుజంగరావు గారిది. తొమ్మిదేళ్లుగా ఆయన చూస్తున్నది ఆ ఒక్క అవకాశం కోసం. శాలువా మడిచి చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగారు.

ఇరవై ఎనిమిదో తేదీన చంద్రకళ ఆయన గదికి వెళ్లింది.

"కూర్చోమ్మా," అన్నారు నీరసంగా. "నీ ఫైలు చూశాను. చిక్కుంది."

"ఏం చిక్కు సార్? క్యాంపస్ మొత్తం అమలైంది కదా?"

"అయింది. అందుకే చిక్కు. విద్యార్థిని డాక్టరవడం మార్పా కాదా? నీకు పట్టా ఇస్తే నీ ఫలితం అమలు ఆగినట్టు. అమలు ఆగిన ఫలితానికి పట్టా ఇవ్వకూడదు."

"ఇవ్వకపోతే?"

"అమలు జరుగుతున్నట్టు. అప్పుడు నువ్వు పట్టాకు అర్హురాలివి. సముచిత స్థాయిలో ఎంతైనా అభినందించవచ్చును. ఇవ్వడానికి మాత్రం వీల్లేదు."

చంద్రకళకు దుఃఖం పొంగుకొచ్చింది. ఆపుకోలేదు, ఎందుకు ఆపుకోవాలి? ఆరేళ్లు! తన ఈడు వాళ్లు ఇళ్లు కట్టుకున్నారు. ఇంట్లో అమ్మ రోజూ ఫోన్ చేసి "అయిందామ్మా?" అని అడిగి, జవాబు రాకముందే "సర్లే, తిన్నావా?" అని మాట మార్చేస్తుంది. ఒక్క అబద్ధం, తూకంలో ఒక్క వేలు పెట్టి ఉంటే ఈపాటికి డాక్టరై కూర్చునేది. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది.

"సార్, పోలిక ఏదీ?"

"ఏం పోలిక?"

"క్యాంపస్ అంతా మార్పు లేకుండా ఉంది. బాగుంది. మార్పు లేకపోవడం వల్ల మేలు జరిగిందని ఎలా తెలుస్తుంది? మార్పు జరిగే చోటు ఒకటి పక్కన ఉండాలి కదా. పూయని ఊచలాగ. ఆ పద్నాలుగో నంబరు గదే మళ్లీ ఇప్పించండి. ఆ గదిలో రావలసిన మార్పులు మామూలుగా వస్తాయి. నా పట్టా నాకు అక్కడ ఇవ్వండి."

భుజంగరావు గారి చేతిలో పెన్ను కదలకుండా ఉండిపోయింది.

"ఆ గదిలో మార్పు నీ ఒక్కదానికేనా," అని అడిగారు చాలా నెమ్మదిగా, "గదిలో ఉన్న ఎవరికైనా వర్తిస్తుందా?"

"ఎవరికైనా సార్. ఊచకు ఊచకు తేడా చూపిస్తే అది ప్రయోగం ఎలా అవుతుంది?"

రిజిస్ట్రారు గారు బెల్లు కొట్టి రెండు టీలు తెప్పించారు. తొమ్మిదేళ్లలో ఆయన ఒకరికి టీ ఇప్పించడం అదే మొదలు. ఉత్తర్వు ఆయనే స్వహస్తాలతో రాశారు. 'పద్నాలుగో నంబరు గది గడప లోపల అడుగు పెట్టిన వారెవరికైనను, వారికి రావలసిన మార్పు తక్షణమే వర్తించును.' ఫైలు తొమ్మిది నిమిషాల్లో వీసీ గారి బల్ల మీదికి వెళ్లింది.

వీసీ గారు తెలివితక్కువ మనిషి కాదు. చదివారు, ఆలోచించారు. సంతకం పెట్టకపోతే పోలిక లేని ఫలితమని కమిటీ కొట్టేస్తుంది. ఫలితం పోతే తన కుర్చీ పోతుంది. సంతకం పెట్టి, "నేను మాత్రం గడప దాటను. పట్టా బయటి నుంచే అందిస్తాను," అన్నారు.

ముప్పయ్యో తేదీ ఉదయం పద్నాలుగో నంబరు గదిలో మౌఖిక పరీక్ష జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు గ్రంథం మూసి, "నలభై ఏళ్లలో వేలు పెట్టని తూకం చూడటం ఇది మూడోసారి," అన్నాడు. అంతే, పరీక్ష అయిపోయింది. అప్పలకొండ గడపకు పసుపు రాశాడు. గది బయట క్యాంపస్ మొత్తం పోగయింది.

వీసీ గారు పట్టు గౌను వేసుకుని వచ్చారు. పట్టా వీసీ చేతి మీదుగా అందుకోవడం, దాని ఫొటో పేపర్లో పడటం అక్కడి ఆచారం. ఆయన గడపకు జానెడు దూరంలో నిలబడి, నడుము వంచి, చెయ్యి లోపలికి చాచారు. లోపల చంద్రకళ రెండు చేతులతో పట్టా పట్టుకుంది. చప్పట్లు మోగాయి. అచ్చులో తన పేరు ముందు 'డాక్టర్' అని ఉంది. అది చూసి ఆమె నవ్వింది, ఏడ్చింది, ఏది ముందో ఆమెకే తెలియదు.

గది మూల నుంచి పాపారావు కెమెరా ఎత్తాడు.

"సార్, మొహం మీద నీడ పడుతోంది. ఒక్క అడుగు లోపలికి."

వీసీ గారు ఒక్క అడుగు లోపలికి వేశారు.

కెమెరా మెరిసింది. చప్పట్లు టక్కున ఆగిపోయాయి. వీసీ గారు ఇంకా చిరునవ్వుతోనే ఉన్నారు. తర్వాత మెల్లగా తల దించి, గడప లోపల ఉన్న తన కుడి బూటు వైపు చూసుకున్నారు.

బయట నిలబడ్డ భుజంగరావు గారు గడియారం చూశారు.

"పదకొండు గంటల పద్నాలుగు నిమిషాలు," అన్నారు, ఎంతో విచారంగా. చంకలోంచి శాలువా తీసి మడత విప్పారు. అందించడానికి చేతులు చాచారు గానీ, ఆయన మాత్రం గడప దాటలేదు.

పాపారావు "ఇంకొక్కటి సార్" అన్నాడు గానీ ఈసారి ఎటు తిరగాలో విరూపాక్షరావు గారికి తెలియలేదు. పట్టు గౌనులో అలాగే నిలబడిపోయారు. మనిషి ఒక్కసారిగా చిన్నగా కనిపించాడు. చంద్రకళకు జాలేసింది. పట్టా బల్ల మీద పెట్టి, పాత కుర్చీ ఒకటి ముందుకు లాగింది.

"కూర్చోండి సార్. బాబాయ్, సారుకి ఒక టీ."

"తెస్తన్నానమ్మా," అన్నాడు అప్పలకొండ స్టవ్ వెలిగిస్తూ. "డాక్టరమ్మకి కూడా తెస్తన్నాను."